బడ్జెట్ బుక్కులో కనిపించే అప్పు సరే.. కనిపించని అప్పు సంగతేంటి?

బడ్జెట్ రోజు అందరి కళ్లూ ఆదాయపు పన్ను శ్లాబుల మీదే. అప్పుల పట్టిక దాకా వెళ్లేది చాలా తక్కువ మంది. కానీ చూడాల్సింది అదే.

2025-26 కేంద్ర బడ్జెట్‌నే తీసుకుందాం. మొత్తం ఖర్చు రూ.50.65 లక్షల కోట్లు. అప్పులు పక్కనపెడితే వచ్చే రాబడి రూ.34.96 లక్షల కోట్లే. మిగతా రూ.15.69 లక్షల కోట్లు అప్పు తెచ్చి పూడ్చాలి. దీన్నే ద్రవ్యలోటు అంటున్నారు. జీడీపీలో 4.4 శాతం.

మరి ఈ అప్పంతా రోడ్లు, రైళ్లకేనా? మూలధన వ్యయం కింద రూ.11.21 లక్షల కోట్లు పెట్టిన మాట నిజమే. అదే బడ్జెట్‌లో వడ్డీల పద్దు రూ.12.76 లక్షల కోట్లు! రాబడిగా వచ్చే ప్రతి వంద రూపాయల్లో 36 రూపాయలకు పైగా పాత అప్పుల వడ్డీకే పోతోంది. అసలు కాదండోయ్, వడ్డీ మాత్రమే.

ఇదంతా లెక్కలో ఉన్న అప్పు. లెక్కలో లేనిది కూడా ఉంటుంది. ఎలాగో చూద్దాం.

రేషన్ బియ్యం సబ్సిడీని కేంద్రం ఎఫ్‌సీఐకి చెల్లించాలి. 2016-17 నుంచి ఏం చేశారంటే, ఇవ్వాల్సిన సబ్సిడీలో కొంత ఆపేసి, ఆ మేరకు జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి ఎఫ్‌సీఐకి అప్పు ఇప్పించారు. ఆ నిధి ఎవరిదనుకుంటున్నారు? మనం పోస్టాఫీసులో వేసే డబ్బు, పీపీఎఫ్, సుకన్య సమృద్ధి.. ఇవే. ఖర్చు ప్రభుత్వానిది, అప్పు మాత్రం ఎఫ్‌సీఐ పేరిట. బడ్జెట్‌లో లోటు తక్కువగా కనిపించింది. కాగ్ తప్పుపట్టినా కొన్నేళ్లు ఇదే నడిచింది.

కరోనా ఏడాది ఆ బాకీ తీర్చేసి లెక్క సరిచేశారు. దాంతోపాటు ఉచిత రేషన్ ఖర్చు కూడా కలిసి, 2020-21లో రూ.1.15 లక్షల కోట్లు అనుకున్న ఆహార సబ్సిడీ సవరించిన అంచనాల్లో రూ.4.22 లక్షల కోట్లకు ఎగబాకింది. ఆలస్యమైనా అది మంచి పనే.

ఇక మన రాష్ట్రాల సంగతి. కాళేశ్వరం కోసం తెలంగాణ ప్రత్యేకంగా కార్పొరేషన్ పెట్టి వేల కోట్ల అప్పు తెచ్చింది. కార్పొరేషన్‌కు చెప్పుకోదగ్గ సొంత ఆదాయమే లేదు, వాయిదాలు కట్టాల్సింది ఖజానానే. ఏపీలోనూ కార్పొరేషన్ల పేరిట అప్పుల గొడవ తెలిసిందే. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి మొత్తం అప్పు రూ.6.71 లక్షల కోట్లని చెప్పింది. అందులో ఎఫ్‌ఆర్‌బీఎం లెక్కకు వచ్చేది రూ.3.89 లక్షల కోట్లే. బీఆర్‌ఎస్ 'స్వేదపత్రం'తో ఎదురు లెక్క చెప్పింది. మిగతా అప్పును ఎలా లెక్కపెట్టాలన్నదే ఆ గొడవంతా.

2022లో కేంద్రం, ఇలాంటి అప్పుల్ని రాష్ట్రాల రుణ పరిమితిలోనే కలిపేస్తామంది. సబబే. కానీ జాతీయ రహదారుల సంస్థ, ఎన్‌హెచ్‌ఏఐ, చేసిన రూ.3 లక్షల కోట్లకు పైగా అప్పు కేంద్రం ద్రవ్యలోటులో ఎప్పుడైనా కనిపించిందా? మాకో రూలు, మీకో రూలా అని రాష్ట్రాలు అడగడంలో న్యాయం లేకపోలేదు. రాష్ట్రం గీత దాటితే రాజ్యాంగంలోని 293వ అధికరణ కింద కేంద్రం ఆపుతుంది. కేంద్రం దాటితే? 2024-25 నాటికి కేంద్రం అప్పును జీడీపీలో 40 శాతానికి తెస్తామని 2018లో చట్టంలోనే రాసుకున్నారు. 2025-26 అంచనా 56.1 శాతం! ఇప్పుడు కొత్త గడువు 2031 మార్చి, కొత్త లక్ష్యం 50 శాతం, ఒక శాతం అటూ ఇటూ.

ఈసారి బడ్జెట్ చూసేటప్పుడు ద్రవ్యలోటు అంకె దగ్గరే ఆగకండి. వడ్డీల పద్దు ఎంత పెరిగింది, ప్రభుత్వ సంస్థల చేత ఎంత అప్పు చేయించారు.. ఈ రెండూ వెతకండి. రెండూ బడ్జెట్ పత్రాల్లోనే ఉంటాయి. కాకపోతే ప్రసంగంలో వినిపించవు, అంతే.