పేరుకే వైన్ షాపు

మల్కాపురంలో షిఫ్టు దిగి ఇంటిదారి పట్టిన కార్మికుడికి ‘వైన్స్’ అనే బోర్డు ఎవరూ చదివి చెప్పనక్కరలేదు. లోపల మాత్రం వైన్ కోసం వెతుక్కోవాలి. అమ్మేది బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు. వైన్ అంటే ద్రాక్షరసం పులిసి తయారయ్యే పానీయం. అందులో మత్తు మామూలుగా నూటికి 12 నుంచి 14 పాళ్లు. క్వార్టరు సీసాలో ఉన్నది 42 పాళ్ల పైమాటే. అదీ చాలామటుకు పంచదార మిల్లుల మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్టే, రంగూ వాసనా తరువాత కలిపినవి.

ద్రాక్ష పండే దేశాల్లో వైన్‌కున్న మర్యాద వేరు. జార్జియాలో 8 వేల ఏళ్లనాటి మట్టికుండల్లో దాని ఆనవాళ్లు దొరికాయి. ఫ్రాన్సులో షాంపేన్ అనే సీమలో తయారైనదానికే ఆ పేరు చెల్లుతుంది. ఏ ఊరి తోట, ఏ ఏటి పంట అని అడిగి, భోజనంతోపాటు కొద్దికొద్దిగా తాగుతారు. అక్కడ తాగుబోతులు లేరని కాదు.

ఆ లెక్కన మన ప్రాంతానికి వైన్ లేదా? ఉంది, తాటిచెట్టు మీద. కల్లు తాగేవాడికి చెట్టు తెలియాలి, వేళ తెలియాలి. పోతుతాటి కల్లు రుచి వేరు, పండుతాటి కల్లు రుచి వేరు. తెల్లవారుజామున దించింది తీపి, ఎండెక్కేసరికి పులుపు, సాయంత్రానికి ఘాటు. పులియడానికి ఎవరూ ఏమీ కలపరు. గాలిలో, కుండలో ఉన్న ఈస్టే కొద్ది గంటల్లో ఆ పని చేస్తుంది. మత్తు 4, 5 పాళ్లు. కుండ లోపల సున్నం పూస్తే పులుపు ఆగి నీరా అవుతుంది, అది పిల్లలూ తాగవచ్చు. కాస్తే తాటిబెల్లం. అరకు, పాడేరు కొండల్లో పండుగకూ చుట్టానికీ జీలుగు కల్లు కావాలి. పదిమంది కూర్చుని పంచుకునే వస్తువది. సీసా సంగతి అలా కాదు. గోడ పక్కన నిలబడి గబగబా గొంతులో పోసుకునేదే ఎక్కువ.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడింది సారా మీద. కూలి డబ్బులు ఇంటికి రాకుండా సారా దుకాణానికి పోవడం వారి కడుపుమంట. 1993 అక్టోబరులో సారా రద్దయింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. సారా ఖాళీ చేసిన చోట సీసా కూర్చుంది. జీతం రోజున ఇంటికెంత, సీసాకెంత అన్న తగవు ఏ కార్మిక బస్తీకీ కొత్త కాదు.

కల్లు మాత్రం అమృతమా అంటే కాదు. అతిగా తాగితే అదీ ఇల్లు గుల్ల చేస్తుంది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. చెట్టు కనిపించని చోట అమ్మే కల్లును నమ్మడం కష్టం. అందుకే చెట్టు నిలవాలి, గీసేవాడు నిలవాలి. మోకు కట్టుకుని రోజూ ప్రాణం పణంగా పెట్టి చెట్టెక్కేవాడి కొడుకు ఆ పనిలోకి రానంటే తప్పు పట్టలేం.

ప్రభుత్వం 2025లో నూటికి 10 మద్యం షాపులు గీత కులాలకు కేటాయించింది. శెట్టిబలిజ, శెగిడి, యాత, శ్రీశయన కుటుంబాల్లో కొన్నింటికి అది ఆదాయమే, కాదనలేం. కాని లైసెన్సు రుసుం కట్టగలిగినవాడు వేరు, చెట్టెక్కేవాడు వేరు. చెట్టెక్కేవాడికి సీసాలమ్మే షాపు ఏ విధంగా ఆసరా? లేఅవుట్లకూ రోడ్లకూ తాటిచెట్లు కొట్టేస్తుంటే అడిగే దిక్కు లేదు.

రంపచోడవరం దగ్గర పందిరిమామిడి పరిశోధన కేంద్రంలో తాటి నీరా మీద ఏళ్లుగా పని జరుగుతోంది. నీరా చల్లగా ఉంచితే పులవదు. దించిన చోటి నుంచి ఐసుపెట్టెలో తెచ్చి, షిఫ్టు వదిలే వేళకు మల్కాపురం బజారులో గీత సంఘం చేతే అమ్మించవచ్చు. తాజా కల్లుకూ అదే పద్ధతిన, వచ్చిన తోపు పేరు రాసి, పరీక్ష చేయించి అనుమతి ఇవ్వవచ్చు. వేసవి గీత మొదలయ్యేలోగా ఎక్సైజు శాఖ ఒక్క కేంద్రంతోనైనా ప్రారంభించి చూడాలి.