పేరంటాల కనుమ కథ

కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చునది ఉప్పుటేరు. దానికి పేరంటాల కనుమయను పేరు వచ్చుటకు కొల్లేటికోట ప్రాంతమున నొక కథ కలదు. గజపతుల కోటను ముట్టడించినవారు సరస్సు నీరు తీసివేయుటకై కాలువ త్రవ్వింపబూనగా, ఒక సేనాని కార్యసిద్ధికై కన్నకూతురినే బలియిచ్చెనట. ఇందు చరిత్ర యెంతయో, కల్పన యెంతయో వేరు సంగతి.

ఏలూరులోనో తాడేపల్లిగూడెములోనో దీనిని తరగతిలో చెప్పబూనిన ఉపాధ్యాయుడు సంకోచించుట సహజము. చెప్పినను, మూఢాచారము కూడదను నీతివాక్యము వెంటనే తగిలించును. అదియే పొరపాటు. నీతి తప్పని కాదు, తొందర తప్పు.

ఆఫ్రికాలో ఘానా దేశపు అకాన్ జాతివారికి అనాన్సి యను సాలీడు కథలున్నవి. లోకములోని తెలివినంతయు కుండలో నింపి, దానిని పొట్టకు కట్టుకొని చెట్టెక్కలేక అనాన్సి అవస్థపడుచుండగా, వీపునకు కట్టుకొనరాదా యని కొడుకే చెప్పెను! పంతులుగారి నీతివాక్యమును అట్టి కుండయే.

పేరంటాల కనుమ కథ విన్న ఐదవ తరగతి బాలిక, “ఆ పిల్లని ఎవరైనా అడిగారాండీ?” యని ప్రశ్నింపవచ్చును. పంతులుగారు జవాబు తోచక ఊరకుండిన నష్టము లేదు. ఆ సాయంత్రము బాలిక మామ్మను అడుగును. మామ్మ ఎరిగిన కథలో సేనాని వేరు, కాలువ వేరు కావచ్చును.