చెప్పేవాడుంటేనే చరిత్ర, లేకపోతే రాళ్ల గుట్ట

వైజాగ్‌లో టూరు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పొద్దున్నే బండెక్కిస్తారు. కైలాసగిరి దగ్గర దింపి "అరగంటండి" అంటారు. ఋషికొండ దగ్గర "ఇరవై నిమిషాలండి" అంటారు. తొట్లకొండ దగ్గరకొచ్చేసరికి డ్రైవరు గారు అసలు దిగరు. "పైన ఏటీ లేదండి, రాళ్లే... వ్యూ మాత్రం బాగుంటాది" అని సీటు వెనక్కి వాల్చి పడుకుంటారు. సాయంత్రానికి ఫోను నిండా ఫొటోలుంటాయి, బుర్రలో మాత్రం ఒక్క ముక్క ఉండదు.

నేను పుట్టి పెరిగింది కంచరపాలెంలో. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డాక, "మీ ఊరు చూపించు" అంటూ వచ్చే స్నేహితులు ఎక్కువయ్యారు. వాళ్లతో పాటు ఇలాంటి టూర్లు చాలానే తిరిగాను. తిరిగి తిరిగి నాకో అభిప్రాయం ఏర్పడిపోయింది. మన దగ్గర చూడాల్సినవి తక్కువై కాదు, చెప్పేవాళ్లు లేకే మన టూరిజం ఇలా ఉంది. ఇంకా గట్టిగా చెప్పాలంటే, చెప్పేవాడు లేని చోట చరిత్ర నిలబడదు. రాళ్లు కూడా నిలబడవు.

మా టీములో ఒకాయన మొరాకో వెళ్తూ తన టూరు ప్లాను చూపించాడు. ఫెజ్, ఎడారి, మర్రకేష్. అందులో నన్ను ఆకట్టుకున్నది ఒంటెలూ గుడారాలూ కాదు. పాత ఊరు వచ్చిన ప్రతి చోటా "స్థానిక గైడుతో నడక" అని ఉంది. అక్కడ గైడు అంటే చట్టం ప్రకారం గుర్తింపు ఉన్నవాడు, మెళ్లో కార్డుంటుంది. ఫెజ్ పాత నగరంలో కార్లు తిరగవు, సందులన్నీ నడకే. తోళ్ల ఊట గుంతల దగ్గరికి వెళ్లేముందు చేతిలో పుదీనా ఆకులు పెడతారు, కంపు తట్టుకోవడానికి :). ఆ తోళ్లు ఎలా తయారవుతాయో, 859లో మొదలైందని చెప్పుకునే ఖరావియ్యిన్ విద్యాలయం కథేంటో నడుస్తూనే చెబుతారు. జాగోరా అనే ఎడారి ఊళ్లో ఒక బోర్డుంది. దాని మీద ఉన్నది ఒకే ముక్క: "టింబక్టు 52 రోజులు". అంటే ఒంటె మీద అన్నమాట. ఆ ఒక్క బోర్డు చూస్తే చాలు, సహారా గుండా బంగారం, ఉప్పు మోసిన బిడారులు కళ్ల ముందు కదులుతాయి.

అక్కడంతా బంగారమని నేననను. గైడు నైసుగా తివాచీల కొట్టుకి తీసుకెళ్లి కమీషను కొట్టే అలవాటు అక్కడా ఉంది. మర్రకేష్ చౌకులో కథలు చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారని వాళ్లూ బాధపడుతున్నారు. కానీ "కథ చెప్పడం కూడా వారసత్వమే" అని గుర్తించారు చూశారా, అదీ నాకు నచ్చింది. జెమా ఎల్ ఫ్నా అనే ఆ చౌకు సంస్కృతిని 2001లోనే యునెస్కో మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది.

"మన వాళ్లకి హిస్టరీ ఎవడిక్కావాలి గురూ?" అంటారా? దీనికి జవాబు మన ఆర్కే బీచిలోనే ఉంది. కురుసుర జలాంతర్గామి. 1969లో నేవీలో చేరింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి మ్యూజియం. వైజాగ్ వచ్చినవాళ్లలో "బాగుంది" అని నిజంగా అనేది దాన్ని గురించే. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? లోపల గైడుగా ఉండేది రిటైరైన నేవీ వాళ్లు. 91 మీటర్ల ఇనప గొట్టంలో డెబ్బై మందికి పైగా ఎలా బతికారు, ఎక్కడ పడుకున్నారు, టార్పెడో ఎలా వదిలారు... ఆ బతుకు తెలిసినవాళ్లు చెబుతుంటే ఐదో క్లాసు పిల్లాడు కూడా నోరు తెరుచుకుని వింటాడు. అదే జనం, అదే బీచి. తేడా అల్లా చెప్పేవాడు.

ఇప్పుడు చెప్పేవాడు లేకపోతే ఏమవుతుందో చూడండి. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. "సంఘారామం" అన్న మాటే జనం నోళ్లలో నలిగి శంకరం అయిందంటారు. కొండ రాతినే తొలిచి చేసిన స్తూపాలు వరసగా ఉంటాయి. 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపించాడు. అలాంటి చోట చుట్టుపక్కల జనం కనుమ నాడు వెళ్లి, బొజ్జ ఉన్న ఒక ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లతో కొట్టే ఆచారం ఏళ్ల తరబడి సాగింది! చెప్పేవాళ్లు పూనుకున్నాకే అది ఆగింది. ఆ జనం చెడ్డవాళ్లా? కానే కాదు. వాళ్లకి అందిన కథ అది. అసలు కథ చెప్పేవాడు లేనప్పుడు ఏదో ఒక కథ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది.

తొట్లకొండ సంగతీ అంతే. నేవీ వాళ్లు స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే బయటపడిందది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం తేలింది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి తొట్లకొండ. బావులున్నాయి కాబట్టి పక్కన బావికొండ. పేరులోనే సగం కథ ఉంది. భిక్షువులు వానాకాలం ఊళ్లు తిరక్కుండా ఒకే చోట ఉండాలన్నది నియమం. మరి కొండ మీద నీళ్లెలా? అందుకే ఆ తొట్లు. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. రోమ్ నాణెం భీమిలి రోడ్డు మీది కొండకి ఎలా వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న వేసి, ఎదురుగా ఉన్న సముద్రాన్ని చూపించి ఊరుకుంటే చాలు, మిగతా టూరంతా జనం ప్రశ్నలతోనే నడిచిపోతుంది. జాగోరా బోర్డుకి మన సమాధానం అది. కానీ మనం "వ్యూ బాగుంటాది" దగ్గరే ఆగిపోయాం. 2019 అక్టోబరు వానలకి అక్కడ తిరిగి కట్టిన మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. నేనీ మాట చెబితే నా స్నేహితుల్లో సగం మంది "అక్కడ స్తూపం ఉందా?" అనడిగారు. ఉందని తెలియనిదాని కోసం ఎవరు బాధపడతారు చెప్పండి?

సరే, గైడున్న చోట మాత్రం ఏం జరుగుతోంది? బొర్రా గుహలకి వెళ్దాం. నేను వెళ్లిన ఒక ప్యాకేజీలో గైడు టార్చి వేసి "ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ, ఇది మొసలి" అంటూ పది నిమిషాల్లో ముగించేశాడు. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ జార్జ్ ఈ గుహల్ని కనిపెట్టాడని కూడా చెప్పాడు. ఇదే ముక్క ఇంటర్నెట్లో ఎక్కడ వెతికినా కనిపిస్తుంది. కానీ ఆ సంస్థ పుట్టిందే 1851లో! ఇంకా పుట్టని ఆఫీసులో ఆయన ఉద్యోగం ఎలా చేశాడో మరి :). ఒకరు రాసింది ఇంకొకరు కాపీ కొట్టుకుంటూ పోతే ఇంతే. మా ఫీల్డులో కూడా ఎవడో ఎప్పుడో రాసిన తప్పు కోడు పది ప్రాజెక్టుల్లోకి పాకిపోతుంది. "గైడెందుకు, ఫోనుని అడిగితే చెబుతుందిగా" అనేవాళ్లకి నా జవాబు కూడా ఇదే. ఫోను కూడా ఆ 1807నే అప్పజెప్పే ప్రమాదం ఉంది.

పోనీ అక్కడ చెప్పడానికి ఏమీ లేదా? సున్నపురాయిని నీరు చుక్క చుక్కగా కరిగించి ఆ ఆకారాలు చేసిన తీరు ఉంది. పైనున్న కన్నంలోంచి ఆవు పడిపోతే వెతుక్కుంటూ వెళ్లి గుహని చూశామని చెప్పుకునే గిరిజనుల కథ ఉంది. అన్నిటికీ మించి, ఈ బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు "సమత" తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులివ్వడం చెల్లదన్న తీర్పది. దేశమంతా చెప్పుకునే తీర్పు పుట్టిన నేల మీద నిలబడి మనం మొసలి బొమ్మ చూసొస్తున్నాం.

అరకు రైలు కూడా అంతే. 2017 నుంచి అద్దాల పెట్టె వచ్చింది, బాగుంది. సొరంగం రాగానే అందరూ కేకలేస్తారు, అదీ బాగుంది. కానీ ఈ లైను ఎందుకు వేశారో ఎవరైనా చెప్పారా మీకు? బైలడిలా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి. 1960లో ఒప్పందం కుదిరితే, ఆ దశాబ్దంలోనే కొండల్ని తొలిచి లైను వేసేశారు. ఇక్కడో చిత్రం చూడండి. 1942 ఏప్రిల్ 6న ఇదే వైజాగ్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి అదే జపాన్ కోసం అదే వైజాగ్‌కి ఖనిజం దించే ఏర్పాటు మొదలైంది. ఈ రెండు ముక్కలూ రైల్లో ఒక్కరు చెబితే, కిటికీలోంచి కనపడే గూడ్సు బండి కూడా చరిత్రే అయిపోతుంది.

కథకి ఎంత బలముందో మా పేటే సాక్ష్యం. నా చిన్నప్పుడు కంచరపాలెం అంటే ఎన్ఏడీ నుంచి స్టేషనుకి పోయే దారిలో ఒక బస్టాపు, అంతే. 2018లో "కేరాఫ్ కంచరపాలెం" సినిమా వచ్చింది. మా మనుషులే నటించారు. అప్పట్నుంచి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు కూడా "ఆ వీధులు చూపించవా" అని అడుగుతున్నారు. వీధులేం మారలేదు. ఎవరో ఒకరు వాటి గురించి శ్రద్ధగా చెప్పారు, అంతే తేడా.

కాబట్టి నేననేదేంటంటే, ఇంకో వ్యూ పాయింటు, ఇంకో సెల్ఫీ స్పాటు కట్టేముందు గైడుల్ని తయారు చెయ్యండి. మనుషులు లేరా అంటే బోలెడుమంది ఉన్నారు. పోర్టులో, రైల్వేలో, స్టీల్ ప్లాంటులో రిటైరైనవాళ్లున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర చదువుకుని బ్యాంకు పరీక్షలు రాసుకుంటున్న పిల్లలున్నారు. బొర్రాలో, అరకులో అక్కడి గిరిజన యువతే ఉన్నారు. వాళ్లకి మూడు నెలల శిక్షణ, ఒక పరీక్ష, మెళ్లో కార్డు ఇవ్వండి. ఫీజు ఎంతో బోర్డు మీద రాసి పెట్టండి, కొట్ల కమీషన్లు వద్దు. రోజుకి ఎనిమిది చోట్లు తిప్పడం మానేసి పూటకి ఒక్క చోటు చూపించండి. ఉదాహరణకి పాత ఊళ్లో వెంకటేశ్వర కొండ, దర్గా కొండ, రాస్ కొండ పక్కపక్కనే ఉన్నాయి. మూడు మతాల గుళ్ల కింద 1933లో తెరిచిన హార్బరు దారి. రెండు గంటల నడకకి ఇంతకన్నా ఏం కావాలి?

"అంత డబ్బు ఎక్కడిది?" అనొచ్చు. గైడు జీతానికి గాజు వంతెనంత ఖర్చు కాదు లెండి. ఆ డబ్బు కూడా ఊరి కుర్రాడి ఇంటికే పోతుంది. బొజ్జన్నకొండ మీద పడ్డ రాళ్లని ఆపింది కంచె కాదు, చెప్పడం. తొట్లకొండ చుట్టూ ఊరు పెరుగుతోంది, భూమి విలువ పెరుగుతోంది. రేపు దాన్ని కాపాడమని అడిగేది ఎవరు? అక్కడ రోమన్ నాణెం కథ విని ఆశ్చర్యపోయిన పిల్లలే. వాళ్లకి ఆ కథ ఇవాళ చెప్పకపోతే రేపు అడిగేవాడు ఉండడు.

అందాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈసారి చుట్టాల్ని తీసుకుని భీమిలి రోడ్డెక్కితే, ఆ నాణెం సంగతి మీరే చెప్పండి. డ్రైవరు గారిని కూడా నిద్రలేపి పైకి తీసుకెళ్లండి. ఆయన తర్వాతి ట్రిప్పులో నలుగురికి చెబుతాడు. ఏమంటారు?