ఎవరి బువ్వ, ఎవరి బండ్లకు?

చంపాపేట్ చుట్టుపక్కల బస్తీల్లో యిటుక మోసే మనోళ్లని అడగండి, ఏ ఊరని. నల్లగొండంటరు, పాలమూరంటరు. యెందుకొచ్చిన్రంటే, కౌలుకు పట్టి పత్తి పెట్టినం, మునిగినం అంటరు. యిక్కడికి కూతవేటు దూరంలో, సంతోష్‌నగర్‌లో, మెట్టసేద్యం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థే వుంది. మెట్టరైతు మాత్రం అడ్డా మీద వున్నాడు.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతిచ్చింది. మట్టిలో వుండే వొక సూక్ష్మజీవి జన్యువును పత్తిలోకి యెక్కించారు. కాయతొలిచే పురుగు తింటే చస్తుందన్నారు. కొన్నేళ్లు చచ్చిన మాట నిజమే. తర్వాత గులాబీ పురుగు ఆ విషాన్ని అరాయించుకుంది. మందు డబ్బా మళ్లీ కూలోడి వీపెక్కింది. విత్తనం మాత్రం మన గాదెకు తిరిగి రాలేదు. హైబ్రిడ్ గింజ దాచి నాటితే మొదటిలా పండదు, యేటా కొనాల్సిందే. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టుబడితే 1,600 దాటిన 450 గ్రాముల ప్యాకెట్ 750 రూపాయలకు దిగింది. మరి అంతదాకా గుంజిందెంత?

వరంగల్ పత్తిరైతుల గోసను కెమెరా పట్టి లోకానికి చూపింది యెవరు? జహీరాబాద్ ప్రాంతపు దళిత ఆడోళ్లు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల వాళ్లు. జొన్న, కొర్ర, కంది విత్తనాలు యింట్లో దాచుకున్నదీ వాళ్లే.

యిప్పుడు కొత్త కథ మొదలైంది. పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలుపుతున్నారు. చెరుకుతో మొదలై బియ్యం, మొక్కజొన్నల దాకా వచ్చింది. 2025లో ఆహార సంస్థ గోదాముల బియ్యాన్ని క్వింటాలు 2,250 రూపాయలకు ఇథనాల్ ఫ్యాక్టరీలకిచ్చారు. కిలో బియ్యం నుంచి వచ్చేది అర లీటరు లోపే. తెలంగాణలో మనిషికి నెలకిచ్చే రేషను ఆరు కిలోలు. ఆ ఆరు కిలోల నుంచి తీసిన ఇథనాల్ వొక మోటారు సైకిలు ట్యాంకు నింపే పెట్రోలులో కలపడానికి సరిపోతుంది. వొక మనిషి నెల బువ్వ, వొక బండి ట్యాంకు!

మొక్కజొన్నకు గిరాకీ పెరిగితే రైతుకు ధరొస్తుందంటారు. వస్తే సంతోషమే. కానీ మనలో యెక్కువమంది గింజలు అమ్మేవాళ్లం కాదు, కొనేవాళ్లం. అమెరికాలో మొక్కజొన్న దాదాపు అంతా జన్యుమార్పిడిదే, అందులో మూడో వంతుకు పైగా ఇథనాల్‌కే పోతుంది. దాన్ని మన దేశానికి తేవాలన్న వొత్తిడి 2025 వాణిజ్య చర్చల్లోనూ కనిపించింది. బీటీ విత్తనం, బండి చమురు వేర్వేరు సంగతులు కావు. పొలంలో యేం పండాలో కడుపు కాక మార్కెట్ చెప్పడమే రెండింట్లోనూ వున్నది.

భూమి సంగతీ వుంది. చమురు మొక్కలకు 'బంజర్లు' చాలన్నారు. వాళ్ల కాగితంలో బంజరంటే మన మేకలు మేసే జాగా, మన పొయ్యిల కట్టె, మన పేర పట్టా వున్న అసైన్డ్ చెలక. 1977 చట్టం ఆ భూముల అమ్మకాన్ని నిషేధించింది. ఫ్యాక్టరీ పేరుతోనో తోట పేరుతోనో అది చేయి జారితే మళ్లీ రాదు.

2023లో నారాయణపేట జిల్లా చిత్తనూరు జనం కాలుష్యం మీద పోరాడి లాఠీలు తిన్నారు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కి ఫ్యాక్టరీ పనులు ఆపించారు. అడిగితేనే ఆగుతుంది.

అందుకే మేం అంటున్నాం: ముందు కంచం, తర్వాతే ట్యాంకు. గ్రామసభ వొప్పుకోనిదే ఫ్యాక్టరీ వద్దు. అసైన్డ్ చెలకల్లో చమురు తోటలొద్దు. యీసారి గ్రామసభకు వాడ వాడంతా కదలండి. వెనక కూచోకండి, ముందు వరసలో కూచుని అడగండి.