ఏమి తిన్నది?

ప్రొద్దున వాకిలి తలుపు తీయగానే తోక యూపుచు ఎదురు రావలసిన కుక్క, అరుగు మూల నోట నురుగు క్రక్కుచు కాళ్లు కొట్టుకొనుచు పడియున్నప్పుడు, ఆ యింటివారి నోట వెలువడు మొదటి మాట "ఎవరో మందు పెట్టినారు" అనునదే. ప్రక్కయింటివానితో ఏనాడో జరిగిన తగవు, కుక్క అరపులకు విసిగి మేడమీదివారు విసరిన మాట, నిన్న సందుచివర తచ్చాడిన అపరిచితుడు, అన్నియు ఒక్కపెట్టున జ్ఞప్తికి వచ్చును. దుఃఖమునుండి పుట్టిన ఆలోచన గనుక దానిని నేను తప్పుపట్టజాలను. కాని ఆ యూహాపోహలలో గడచిపోవు అర్ధగంట ఆ మూగప్రాణికి మిగిలియున్న ఆయుర్దాయములో పెద్దపాలు కావచ్చును గనుక, ఎవరు పెట్టిరను విచారణను ఆవలనుంచి, ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది యను మూడు సంగతులను మొట్టమొదట తెలిసికొనవలెనని నా దృఢాభిప్రాయము.

విషము అను ఒక్క పేరున మనము పిలుచునది ఒక్క వస్తువు కాదు. పైరులకు కొట్టు మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి మందులును, వరిమళ్లలో చల్లు కార్బోఫ్యూరాన్ గుళికలును, నరమునుండి కండరమునకు వార్తను మోయు ఎసిటైల్‌కోలిన్ అను ద్రవ్యమును ఎప్పటికప్పుడు హరింపవలసిన ఎంజైమును స్తంభింపజేయును. వార్త ముగియవలసిన చోట ముగియక మ్రోగుచునే యుండుటచేత నోట చొంగ, కంట నీరు, ఆపుకొనలేని మలమూత్రములు, సూదిమొనయంతకు ముడుచుకొనిన కంటిపాపలు, ఒడలెల్ల అదురు, తుదకు మూర్ఛ, ఊపిరాడకుండుట, ఇవి నిమిషములలోనో కొలది గంటలలోనో వరుసగా కానవచ్చును. దీనికి అట్రోపిన్ అను విరుగుడు కలదు. వేళకు అందినచో చావు అంచునుండి లేచి వచ్చిన కుక్కలు అనేకములు. ఎలుకల కొరకు అన్నములో కలుపు జింక్ ఫాస్ఫైడ్ అను నల్లని పొడి తీరు వేరు. అది కడుపులోని ఆమ్లముతో కలసి ఫాస్ఫీన్ అను విషవాయువు నిచ్చును. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆకలితో నున్నదేమో యని జాలిపడి అన్నము పెట్టినచో ఆమ్లము మరింత ఊరి ఆ వాయువు హెచ్చును. కుక్క వాంతి చేసికొన్నప్పుడు మూసిన గదిలో దాని మీదికి వంగి చూచువారికి కూడ అపాయమే. చూపునకు రెండును "మందు తిన్న కుక్క"లే. ఒకదానికి ప్రాణము పోయు చికిత్స రెండవదానికి ఒరగబెట్టునది ఏమియు లేదు.

నురుగు కనబడగానే "పిచ్చి పట్టినది" అని కఱ్ఱ తీయు పొరపాటు కూడ మన వీధులలో సామాన్యము. టీకా వేయించిన పెంపుడు కుక్క, రాత్రి వరకు చక్కగా తిని తిరిగినది, తెల్లవారుసరికి హఠాత్తుగా వడకుచున్నచో ముందుగా అనుమానింపవలసినది విషమునే. అయినను మూర్ఛలోనున్న కుక్క నోటిలో చేయి పెట్టరాదు.

వెంటనే బాధించు విషములకన్న నన్ను ఎక్కువ కలతపెట్టునది ఆలస్యముగా బాధించునది. పదియేండ్ల క్రిందట మా యింట మోతి యను కుక్క యుండెడిది. వంటింటి అలమార వెనుక ఎలుకలకై పెట్టిన నీలిరంగు బిళ్లను అది ఒకనాటి సాయంత్రము కొరికి తినివేసినది. రాత్రియంతయు కనిపెట్టి యుంటిమి, ఏమియు కాలేదు. మరునాడును, మూడవనాడును ఎప్పటివలెనే పరుగులు తీసినది; దానిది గట్టిపిండమని సంతోషించితిమి. నాలవనాడు మెట్లెక్కలేక నిలిచిపోయినది. పెదవి ఎత్తి చూడగా చిగుళ్లు సున్నము కొట్టిన గోడవలె తెల్లబడియున్నవి. ఆసుపత్రికి చేర్చునప్పటికే రొమ్ములో రక్తము నిండి ఊపిరి అందుట లేదు. ఆ రాత్రియే పోయినది. ఆ బిళ్లలోనిది బ్రోమాడియోలోన్. రక్తము గడ్డకట్టుటకు కావలసిన మాంసకృత్తుల తయారీకి విటమిన్ కె ఆవశ్యకము. ఒకమారు వినియోగమైన విటమిన్‌ను శరీరము మరల బాగుచేసికొని వాడుకొను మార్గమును ఈ మందు మూసివేయును. అప్పటికే రక్తములోనున్న నిలువ మూడు నుండి అయిదు దినములు చాలును. అది తీరిన పిదపగాని రక్తస్రావము ఆరంభము కాదు. మేము సంతోషముతో గడపిన ఆ మూడు దినములును చికిత్సకు తగిన దినములు. విటమిన్ కె1 మాత్రలు మూడు నాలుగు వారములు వేసిన చాలునని పిదప వైద్యుడు చెప్పగా వింటిని. ఆ మందు పేరు విరుగుడుగా ఎలుకమందు పెట్టె వెనుక ముద్రింపబడియే యున్నది. బిళ్లను తీసి పెట్టినపుడే ఆ పెట్టెను మేము చెత్తబుట్టలో వేసితిమి.

కావున కుక్క తినరానిది తిన్నదని తెలిసిన క్షణమున, అది కులాసాగా నున్నను లేకున్నను, పెట్టెను గాని పొట్లమును గాని వెదకి తీసి, వాంతియైనచో దానిలో కొంత ఒక సీసాలోనికి ఎత్తి, వేళను గుర్తించుకొని, కుక్క బరువు సుమారెంతయో చెప్పుచు పశువైద్యునికి ఫోను చేయవలెను. మన తెలుగు రాష్ట్రములు రెండింటను పశువైద్య సంచార సేవకు 1962 అను సంఖ్య కలదు. ఒంటికి మందు అంటుకొన్నచో, ముఖ్యముగా గోమారులకై వాడు అమిట్రాజ్ వంటి మందు పాలు హెచ్చి కుక్క మత్తుగా పడియున్నచో, చేతులకు తొడుగు వేసికొని సబ్బునీటితో కడుగవలెను. ఇంతకు మించి ఇంటిలో చేయదగినది స్వల్పము. చేయరానిది మాత్రము మిక్కుటము. కుంకుడురసము, ఉప్పునీరు పట్టి కక్కించుట మన పల్లెలలో మనుష్యులకు సైతము చేయు వైద్యము. వణకుచున్న కుక్క గొంతులో పోసిన ద్రవము కడుపునకు పోక ఊపిరితిత్తులలోనికి పోవును. ఉప్పు ఎక్కువైనచో అదియే రెండవ విషము. ఆమ్లము వంటివి త్రాగిన ప్రాణిని కక్కించినచో దిగుచు కాల్చినది ఎక్కుచు మరల కాల్చును; కిరసనాయిలు త్రాగినదానిని కక్కించినచో ఆ నూనె ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. పాలు విషమును విరుచునను నమ్మకము బలమైనది. కాని కొన్ని విషములు పాలలోని క్రొవ్వుతో కలసి మరింత త్వరగా రక్తములో చేరును. కక్కించుట అవసరమైనచో, తిన్న కొద్ది సేపటిలోనే, మెలకువ గలిగి మూర్ఛలు లేని కుక్కకు, వైద్యుడే చేయవలెను.

పగవాడు లేకయే కుక్కకు విషము పెట్టు చేతులు మన యింటిలోనే యున్నవి. జ్వరమని మనము వేసికొను పారాసెటమాల్ మాత్రను కుక్కకు కూడ వేయువారిని, కాళ్లనొప్పికి ఐబుప్రొఫెన్ ఇచ్చువారిని నేనెరుగుదును; మొదటిది కాలేయమును, రెండవది కడుపును మూత్రపిండములను చెఱచును. ముద్ద నల్లచాక్లెట్టులోని థియోబ్రోమిన్ గుండెను పరుగెత్తించును. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండములకు చేటు. చక్కెర లేని చూయింగ్ గమ్ములలోని జైలిటాల్ గంట తిరుగకముందే రక్తములోని చక్కెరను పడద్రోయగలదు. మన వంటలకు విడదీయరాని ఉల్లి, వెల్లుల్లి సైతము కుక్క ఎఱ్ఱ రక్తకణములను పగులగొట్టును. పులుసులో ఉడికినంతమాత్రమున ఆ గుణము పోదు. మిగిలిన కూర కలిపిన అన్నమును దినదినమును ప్రేమతో పెట్టు తల్లులకు ఈ సంగతి ఎవరు చెప్పవలెను?

ప్రభుత్వము మాట కూడ చెప్పవలసి యున్నది. 1958లో కేరళయందు పారాథియాన్ కలిసిన ఆహారము తిని నూరుమందికి పైగా మరణించిన పిదప సాగిన విచారణల ఫలితముగా 1968లో క్రిమిసంహారక మందుల చట్టము వచ్చినది. దాని నియమముల ప్రకారము ప్రతి డబ్బా మీదను మందు తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో నొక గుర్తును, మందు పేరును, విరుగుడును ఉండవలెను. ఇంత ఆలోచించి చేసిన ఏర్పాటు, సంతలో కాగితపు పొట్లములో ఎలుకమందు విడిగా అమ్మినప్పుడు, పాత కూల్‌డ్రింకు సీసాలో పురుగుమందు పోసి యిచ్చినప్పుడు నీటిలో కలసిపోవుచున్నది. ఆ పొట్లమును చేతబట్టుకొని వచ్చిన యజమానికి ఏ వైద్యుడు ఏమి చెప్పగలడు? విడి అమ్మకమును అరికట్టుట కుక్కల కొరకు మాత్రమే కాదు. అదే పొట్లము అదే యింటి పసిబిడ్డకును అందుబాటులో నుండును.

ఇక ఎవరు పెట్టిరను మొదటి ప్రశ్నకు వత్తును. అది విడువదగిన ప్రశ్న కాదు. జంతువును విషము పెట్టి చంపుట భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను క్రింద అయిదేండ్ల వరకు కారాగారశిక్షకు తగిన నేరము. హృదయములో స్ట్రిక్నిన్ సూదివేసి వీధికుక్కలను చంపు పద్ధతిని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము పేరు పెట్టి మరీ క్రూరత్వముగా పేర్కొన్నది. అయినను నేరము నిలుచుటకు విష మేదియో తేలవలెను. అది తేలుటకు మిగిలిన మాంసపు ముక్కయు, వాంతియు, కుక్క చనిపోయినచో పశువైద్యుని శవపరీక్షయు, ప్రయోగశాలకు పంపిన కడుపులోని పదార్థమును కావలెను. దుఃఖము పట్టలేక ఆ ఉదయమే పెరటిలో గొయ్యి తీసి పూడ్చి, వాకిలి కడిగి, సాయంత్రము ఠాణాకు పోయినవాని చేతిలో ఫిర్యాదు కాగితము తప్ప మరేమియు నుండదు.