కంప్యూటరు తెర – మెడనొప్పి

ప్రశ్న: మా అబ్బాయి అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సుకు వెళ్ళొచ్చి, అర్ధరాత్రిదాకా మాక్‌బుక్ ముందే కూర్చుంటాడు. మెడనొప్పి, కళ్ళమంట అంటున్నాడు. విడిగా పెద్ద మానిటర్ కొనమంటారా? ఎలాంటిది కొనాలి?
– ఒక తల్లి, పంజగుట్ట

జవాబు: కొనవచ్చు. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతికి వుంటాయి కనుక మెడ వంచక తప్పదు. నొప్పికి ముఖ్యకారణం అదే కావచ్చు. ఎత్తు సర్దుకునే స్టాండు వున్న మానిటర్ తీసుకోండి. దాని పై అంచు కంటి ఎత్తులో, తెర చేయి చాచినంత దూరంలో వుండాలి.

ఇక అక్షరాల స్పష్టత. ఇప్పటి మాక్‌బుక్ తెరలో అంగుళానికి సుమారు 220 చుక్కలుంటాయి. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డి తెరలో 82 మాత్రమే. అక్షరాలు మసకగా కనిపిస్తాయి. అదే సైజు 4కె తెరలో 163, 5కెలో 218. చదువుకు 4కె చాలు. ఛార్జింగు కూడా ఇచ్చే యుఎస్‌బి-సి వుంటే ఒక్క వైరుతో సరిపోతుంది.

కళ్ళమంటకు మాత్రం మానిటర్ మందు కాదు. తెర చూస్తూ రెప్పవేయడం తగ్గి కన్ను ఆరిపోతుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన్ని 20 సెకన్లు చూడమనండి. నీలికాంతి కళ్ళద్దాలకు డబ్బు పెట్టకండి. ముందు చూపు పరీక్ష చేయించండి. చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.