వంతలకు వేళ ఇవ్వాలి

మద్దికెర: దసరా గుర్రపు పందేలకు పేరుపొందిన మద్దికెర వంటి ఊళ్లలో బుర్రకథ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆడేది ముగ్గురే. నడుమ తంబుర పట్టిన కథకుడు, ఇరుపక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం.

బొబ్బిలి యుద్ధం కథ అందరికీ తెలిసిందే. వంతల మాట మాత్రం ఆ రాత్రి, ఆ ఊళ్లోనే పుట్టాలి. యుద్ధం మధ్యలో హాస్యగాడు ఎండిన బోరుబావి సంగతో, వేరుశెనగ ధర సంగతో ఎత్తుకుంటాడు. రాజకీయ వంత దానికి జవాబిస్తాడు. కథకుడు ఆ మాటనే పట్టుకుని జనాన్ని తిరిగి కోటలోకి తీసుకువస్తాడు. ఒకరు తడబడితే మిగిలిన ఇద్దరే ఆదుకోవాలి. నాలుగో మనిషి లేడు.

ముగ్గురితో ఇలా పెంచుకుపోయే విద్య పరదేశంలోనూ ఉంది. ఇంగ్లండులో 1966లో ఏర్పడిన క్రీమ్ బృందం, రికార్డులో ఆరున్నర నిమిషాలున్న పాటను 1968లో సభలో అప్పటికప్పుడు పదహారు నిమిషాలకు పైగా వాయించింది.

షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ తెచ్చిన కళ ఇది. అయితే కొన్ని జాతరలలో గంటలో ముగించమంటున్నారు. అప్పుడు కథ నిలుస్తుంది, కోతపడేది వంతల మాటే. ఊరి కష్టం వేదికెక్కేది ఆ మాటలోనే. పక్కన నిలబడి నేర్చుకునే కుర్రవాళ్లకూ అదే బడి. అచ్చు పుస్తకం, సెల్‌ఫోను దాన్ని నేర్పలేవు.

ఉత్సవ నిర్వాహకులు కథకు కనీసం సగం రాత్రయినా కేటాయించడం ఎంతైనా అవసరం.